అంబాసిడర్ 1489 పెట్రోల్ ఇంజిన్‌కి ఏ హెడ్డు సరిపోతుంది? ట్రెక్కర్‌దా, కాంటెస్సాదా, ఎం.జి.బి.దా?

మీరు అడిగింది ఇది: 1977 మార్క్ 3 అంబాసిడర్, 1489 సి.సి. పెట్రోల్ ఇంజిన్. హెడ్డు (సిలిండర్ల మీద బిగించే మూత) మధ్యలో ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర నెర్రె ఇచ్చింది, లేత్ షాపు వాళ్లు పనికిరాదన్నారు. ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. పాత ట్రెక్కర్ నుంచి తీసిన హెడ్డు, మొదటి కాంటెస్సా హెడ్డు, ఇంగ్లండ్ నుంచి మీ బంధువు తెస్తానన్న ఎం.జి.బి. (అక్కడి స్పోర్ట్స్ కారు) హెడ్డు. "స్టడ్డుల మీద కూర్చుంటే చాలు కదా?" అని కూడా అడిగారు.

చాలదండి. ఈ మూడింటిలో ఏ హెడ్డయినా మీ స్టడ్డుల మీద కూర్చుంటుంది, ఇబ్బంది అక్కడ రాదు. కూర్చున్నాక వాల్వు తెరుచుకునే చోటు ఉండాలి, మూసుకున్నాక కంప్రెషన్ సరిపోవాలి, నీళ్లు నూనె దేని దారిన అవి పోవాలి. ఈ మూడూ డబ్బు చేతులు మారకముందే చూసుకోవచ్చు.

ముందు ఇంజిన్ వంశం సంగతి. మీది బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్. బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. ఇంగ్లండులో ఇదే ఇంజిన్ మారిస్ ఆక్స్‌ఫర్డ్, ఆస్టిన్ కేంబ్రిడ్జ్, ఎం.జి.ఎ. 1500 కార్లలో వచ్చింది. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని అంబాసిడర్‌తో పాటు ట్రెక్కర్‌లోనూ, 80ల్లో వచ్చిన మొదటి కాంటెస్సాలోనూ పెట్టింది. తరవాత బోరు పెంచుకుంటూ 1588, 1622, చివరికి ఎం.జి.బి.లో 1798 సి.సి. దాకా తీసుకెళ్లారు. స్ట్రోకు మాత్రం అదే 88.9. హెడ్డు స్టడ్డుల అమరిక కూడా మారలేదు కాబట్టే ఎం.జి.బి. హెడ్డు మీ బ్లాకు మీద కూర్చుంటుంది. అది చూసే చాలామంది పొరబడతారు.

పనికిరానివి ముందే పక్కన పెట్టేద్దాం. ట్రెక్కర్లలో, అంబాసిడర్లలో డీజిల్‌వి కూడా బాగా తిరిగాయి. డీజిల్ హెడ్డులో ఇంజెక్టర్లు, హీటర్ ప్లగ్గులు ఉంటాయి, దహన గది తీరే వేరు. అది మీకు అక్కర్లేదు. తరవాతి కాంటెస్సాల్లో, అంబాసిడర్లలో వచ్చిన ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్‌ది క్యామ్ పైన ఉండే హెడ్డు, దానికీ దీనికీ సంబంధం లేదు. తొలినాటి అంబాసిడర్లలో వచ్చిన 1476 సి.సి. సైడ్ వాల్వ్ ఇంజిన్ హెడ్డులో అసలు వాల్వులే ఉండవు. మీకు కావలసింది పోత ఇనుముది, ఒకే పక్క ఐదు పోర్టులున్నది, ఎదురు పక్క నాలుగు ప్లగ్గులున్నది.

ఆ ఐదు పోర్టుల లెక్క తెలిస్తే మీ హెడ్డు అక్కడే ఎందుకు పగిలిందో కూడా తెలుస్తుంది. పుష్‌రాడ్లు (క్యామ్ కదలికని పైనున్న వాల్వుల దాకా చేర్చే కడ్డీలు) పోర్టుల పక్క నుంచే పైకి వస్తాయి, చోటు చాలక పోర్టుల్ని జతపరిచారు. 1, 2 సిలిండర్లకి కలిపి ఒక ఇన్‌లెట్, 3, 4కి కలిపి ఇంకొకటి. ఎగ్జాస్ట్ 1కి విడిగా, 4కి విడిగా, మధ్యలో 2, 3కి కలిపి ఒక్కటే. ముందు నుంచి వాల్వుల వరుస ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్. మధ్యలో రెండు ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే కూర్చుని ఒకే గొట్టంలోకి వేడి వదులుతాయి. హెడ్డు మొత్తంలో ఎక్కువ వేడెక్కే చోటు అదే. నీటి దారిలో తుప్పు, సున్నం పేరుకుంటే ముందు నెర్రె వచ్చేదీ అక్కడే, 2, 3 సిలిండర్ల వాల్వు సీట్ల మధ్య సన్నటి గోడలో. కొనబోయే హెడ్డులోనూ మొదట చూడాల్సింది ఆ చోటే. పైపైన చూస్తే కనబడదు. మసి గట్టిగా పట్టి ఉంటుంది, అమ్మేవాళ్లు ఒక్కోసారి వైర్ బ్రష్ కొట్టి వెండి రంగు వేసి పెడతారు. వాల్వులు తీయించి, ఆ గదిని కిరోసిన్‌తో కడిగి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. ఒక సీటు అంచు నుంచి రెండో సీటు అంచుకి వెంట్రుకలాంటి నల్ల గీత కనిపిస్తే గోటితో గీరండి. మసి అయితే పోతుంది, నెర్రె అయితే గోరు ఆగుతుంది. వాల్వులు తీయనివ్వనన్న దుకాణంలో కొనకండి.

ఇప్పుడు ఎం.జి.బి. హెడ్డు సంగతి. మీరు ఎక్కువ ఆశ పెట్టుకుంది దానిమీదే. ఎం.జి.బి. ఇన్‌లెట్ వాల్వు తల 39.7 మి.మీ., ఎగ్జాస్ట్ 34.1 మి.మీ. రెండూ కూడితే 73.8. మీ బోరు 73.0. అంటే రెండు వాల్వుల మధ్య ఉండాల్సిన గోడని లెక్కలోకి తీసుకోకుండానే, వాల్వుల జంట మీ సిలిండర్ నోటి కంటే వెడల్పు. తెరుచుకునేటప్పుడు వాల్వు అంచు బ్లాకు పైతలానికి కొట్టుకుంటుంది. పోల్చి చూడండి: మీ బోరే ఉన్న ఎం.జి.ఎ. 1500లో ఇన్‌లెట్ 38.1, ఎగ్జాస్ట్ 32.5, మొత్తం 70.6. అక్కడే అంచుల దగ్గర చోటు అంతంత మాత్రం. 70ల మొదట్లో వచ్చిన ఎం.జి.బి. హెడ్డు, రాకర్ కవర్ తీస్తే 12హెచ్4736 అని పోత నంబరు కనిపించేది, ఇంకా పెద్దది. దాని ఇన్‌లెట్ 41.3. పైగా సీట్ల మధ్య గోడ మరీ పలచబడి నెర్రెలకి పేరుపడ్డ హెడ్డు అది. నెర్రె వచ్చిన హెడ్డు తీసేసి దాన్ని పెట్టమని నేనైతే చెప్పను.

ఎం.జి.బి. హెడ్డే పెట్టి తీరాలంటే బ్లాకు అంచుని వాల్వుల ఎదురుగా అర్ధచంద్రాకారంగా చెక్కాలి. పిస్టన్ పైకొచ్చినప్పుడు పై రింగు ఎక్కడిదాకా వస్తుందో గీత గీసుకుని, చెక్కిన గుంట ఆ గీతకి పైనే ఆగాలి. గుంటలోకి రింగు వస్తే ఆ రింగు పని అయిపోయినట్టే. ఇంజిన్ దింపకుండా ఈ పని చెయ్యకూడదు, ఇనప రజను బోరులోకీ, అడుగున నూనె ఉండే సంపులోకీ పోతుంది. రీబోరింగ్‌కి ఎటూ బ్లాకు విప్పేవాళ్లకైతే సరే, హెడ్డు మార్చుకుని కారు తిప్పుకుందామనుకునేవాళ్లకి ఇది దండగ ఖర్చు. మీ బంధువు ఇంకా కొనకపోతే ఎం.జి.బి.ది మానేసి ఎం.జి.ఎ. 1500 హెడ్డు గానీ, అదే 1489 సి.సి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ హెడ్డు గానీ చూడమనండి.

ఇక మిగిలినవి ట్రెక్కర్ పెట్రోల్, కాంటెస్సా 1.5 హెడ్లు. రెండూ మీ ఇంజిన్ కుటుంబానివే, బోరు ఒకటే. వీటిలో దేన్ని తీసుకోవాలన్నది పేరుని బట్టి కాకుండా కొలతని బట్టి తేల్చండి. పాతికేళ్లుగా ఎవరెవరు ఎంతెంత ఫేసింగ్ (అడుగు తలాన్ని కోసి చదును చెయ్యడం) చేయించారో హెడ్డు మీద రాసి ఉండదు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, చెన్నై పుదుప్పేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ మాయాపురి, ఎక్కడ వెతికినా చేతిలో మూడు వస్తువులు ఉండాలి: కొత్త గ్యాస్కెట్, వెర్నియర్ కాలిపర్, ఒక స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్.

గ్యాస్కెట్ ఎందుకంటే అదే మీ అచ్చు. దాన్ని మీ బ్లాకు మీద పరచి చూడండి, తరవాత కొనబోయే హెడ్డు మీద పరచి చూడండి. నీటి రంధ్రాలు రెండు చోట్లా గ్యాస్కెట్ రంధ్రాలకి ఎదురుగా రావాలి. హెడ్డులో రంధ్రం ఉండి గ్యాస్కెట్ మూసేస్తే నీరు ఆగి ఆ చోట వేడి నిలుస్తుంది. హెడ్డు తలం తుప్పుకి తినేసి రంధ్రం గ్యాస్కెట్ అంచు దాటిపోతే నీరు బయటికి కారుతుంది, లేదా సిలిండర్లోకి దిగుతుంది. పుష్‌రాడ్ రంధ్రాలు ఎనిమిదీ, రాకర్‌కి నూనె తీసుకెళ్లే సన్న రంధ్రమూ కలవాలి. ఆ నూనె రంధ్రం పైకి ఏ పెడస్టల్ (రాకర్ షాఫ్టుని మోసే దిమ్మ) కింద తేలుతుందో చూసి, మీ రాకర్ షాఫ్టులో అదే పెడస్టల్‌కి రంధ్రం ఉందో లేదో సరిచూడండి. దహన గది అంచు గ్యాస్కెట్ లోపలి వలయానికి బయటికి పోకూడదు. గది అంచు దాటితే గ్యాస్కెట్ రేకు మంటలోకి తేలి ఉంటుంది, అది కాలిపోవడానికి ఎన్నో రోజులు పట్టదు.

స్ట్రెయిట్ ఎడ్జ్‌ని పొడవునా, రెండు ఐమూలలకీ పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.05 మి.మీ. దూరితే ఫేసింగ్ కావాలి. 0.20 దాటి వంగిన హెడ్డు బాగా ఉడికి వచ్చిందని అర్థం, దాన్ని వదిలెయ్యండి. వెర్నియర్‌తో హెడ్డు మందం నాలుగు మూలల్లో కొలవండి. మీ పాత హెడ్డు మందంతో పోల్చండి. అర మి.మీ. కంటే ఎక్కువ తగ్గి ఉంటే దాని మీద ఇంక ఫేసింగ్ వేయించే బతుకు లేదు. మూలమూలకీ మందం తేడా ఉంటే ఎవరో వంకరగా కోశారు.

ఇవన్నీ దాటిన హెడ్డుని బయానా ఇచ్చి ప్రెజర్ టెస్టుకి పట్టుకెళ్లండి. నీటి రంధ్రాలన్నీ రబ్బరు, ఇనప పలకతో బిగించి, 80 డిగ్రీల వేడి నీళ్లలో ముంచి, 2 నుంచి 3 బార్ గాలి పట్టాలి. చల్లటి హెడ్డుకి చేసే పరీక్షని నమ్మకండి. సీట్ల మధ్య నెర్రె వేడెక్కితేనే నోరు తెరుస్తుంది, చల్లగా ఉన్నంతసేపు ఒక్క బుడగ కూడా రాదు.

ఇప్పుడు కంప్రెషన్. కొలవకుండా హెడ్డు బిగించేవాళ్లే ఎక్కువ, తరవాత కారు గుట్ట ఎక్కడం లేదనో, నాక్ కొడుతోందనో బాధపడతారు. గదిలో ఎన్ని సి.సి. పడుతుందో ఇంట్లోనే కొలవొచ్చు. వాల్వులు, ప్లగ్గు బిగించి హెడ్డుని తిరగేసి మట్టంగా పెట్టండి. చిన్న బెజ్జం ఉన్న అద్దంలాంటి ప్లాస్టిక్ పలకకి అంచు చుట్టూ గ్రీజు రాసి గది మీద అతికించి, 50 సి.సి. బ్యూరెట్‌తో కిరోసిన్ వదలండి. బుడగ మాయమై ద్రవం బెజ్జం అంచుని తాకగానే ఆపి అంకె చూడండి. నాలుగు గదులూ కొలవాలి, వాటి మధ్య తేడా ఒక సి.సి. లోపు ఉండాలి.

పిస్టన్ తల పల్లంగా ఉంటే దాని లెక్క కూడా కావాలి. పిస్టన్ అంచు బ్లాకు పైతలం నుంచి సరిగ్గా 10 మి.మీ. కిందికి వచ్చేదాకా క్రాంకు తిప్పండి. చుట్టూ సందులో గ్రీజు పట్టించి, అదే పలకతో కొలవండి. తల చదునుగా ఉంటే 41.9 సి.సి. పడుతుంది. 46 పడితే పల్లం 4.1 సి.సి. అన్నమాట. తరవాత పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు బ్లాకు కంటే ఎంత లోపల ఆగుతోందో కొలవండి, 1 మి.మీ. అయితే 4.2 సి.సి. నొక్కుకున్నాక 0.9 మి.మీ. ఉండి, వలయం 75 మి.మీ. ఉన్న గ్యాస్కెట్ 4 సి.సి.

ఉదాహరణకి ట్రెక్కర్ హెడ్డు గది 45 సి.సి. వచ్చిందనుకోండి. 45, 4, 4.2, 4.1 కలిపితే 57.3. మీ సిలిండర్ ఒక్కోటి 372.3 సి.సి. రెండూ కలిపి 429.6, దాన్ని 57.3తో భాగిస్తే కంప్రెషన్ నిష్పత్తి 7.5. ఇంజిన్‌ని 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజ్ చేసి ఉంటే సిలిండర్ 382.8 అవుతుంది, అప్పుడు 7.7. ఈ ఇంజిన్ 7.2, 8.3 రెండు రకాల కంప్రెషన్‌తోనూ వచ్చింది. మామూలు పెట్రోలు పోసుకుని మన ఎండల్లో తిరిగే బండికి 7.5 నుంచి 8 మధ్య ఉంచుకోమంటాను, 8.3 దాటనివ్వొద్దు. గది పెద్దదైతే ఎంత ఫేసింగ్ వేయించాలో కూడా లెక్కే: గది నోటి ఆకారాన్ని గ్రాఫ్ కాగితం మీద గీసి గడులు లెక్కపెట్టండి. 30 చదరపు సెం.మీ. వస్తే, 0.25 మి.మీ. కోసినప్పుడు 0.75 సి.సి. తగ్గుతుంది. లేత్ షాపులో "కొంచెం లాగండి" అనకుండా అంకె కాగితం మీద రాసి ఇవ్వండి.

కోసిన మేరకి రాకర్లు కిందికి దిగుతాయి, పుష్‌రాడ్లు ఆ మేరకి పొడుగైనట్టు అవుతాయి. అర మి.మీ. దాకా టాపెట్ స్క్రూ సర్దుకుంటుంది. అంతకు మించితే పెడస్టళ్ల కింద అదే మందం షిమ్ములు వెయ్యాలి. నూనె వెళ్లే పెడస్టల్ కింద వేసే షిమ్ముకి రంధ్రం చెయ్యడం మరిచిపోకండి. మరిచిపోతే రాకర్ షాఫ్టు ఎండిపోతుంది.

వాల్వు తగులుతుందో లేదో కూడా ఊహించనక్కర్లేదు. పిస్టన్ తల మీదా, బ్లాకు అంచు మీదా మెత్తటి ప్లాస్టిసిన్ అంటించి, పాత గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, టాపెట్లు సరిచేసి, ఇంజిన్‌ని చేత్తో నిదానంగా రెండు చుట్లు తిప్పండి. విప్పి, అణిగిన చోట బ్లేడుతో అడ్డంగా కోసి మందం కొలవండి. ఇన్‌లెట్ దగ్గర 1.5, ఎగ్జాస్ట్ దగ్గర 2 మి.మీ.కి తక్కువ ఉండకూడదు. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చెయ్యకుండా విప్పెయ్యండి.

హెడ్డు లేత్ షాపులో ఉన్నప్పుడే ఎగ్జాస్ట్ సీట్లు గట్టి లోహానివి వేయించండి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత పోత ఇనుము సీటుకి ఆ సీసమే రక్షణగా ఉండేది. అది లేక సీటు కొద్దికొద్దిగా అరిగి వాల్వు పైకి పోతుంది, టాపెట్ సందు దానంతటదే మూసుకుపోవడం దానికి గుర్తు. ఇన్‌లెట్లకి అక్కర్లేదు. సీటు బిగువు 0.08 నుంచి 0.10 మి.మీ. చాలు. మరీ లోతుగా తొలిస్తే నీటి గదిలోకి బెజ్జం పడుతుంది, కాబట్టి సీట్లు వేశాక ఇంకోసారి ప్రెజర్ టెస్ట్ చేయించాలి. గైడుల (వాల్వు కాడ జారే గొట్టాల) సందు ఇన్‌లెట్‌కి 0.04 నుంచి 0.06, ఎగ్జాస్ట్‌కి 0.05 నుంచి 0.075 మి.మీ. కొత్త గైడులు వేసిన తరవాతే సీట్లు కొయ్యాలి, ముందు కోస్తే మధ్య తప్పుతుంది.

చిన్నవి కూడా చూసుకోండి: ప్లగ్గు మర పొడవు పాత హెడ్డుతో సమానమేనా, థర్మోస్టాట్ మూత స్టడ్డులు కలుస్తున్నాయా, టెంపరేచర్ బల్బు మర అదేనా, మీ మానిఫోల్డు పోర్టులకి పూర్తిగా ఆనుతోందా.

బిగించడంలో ఈ ఇంజిన్‌ది ఒక ప్రత్యేకత ఉంది. రాకర్ పెడస్టళ్లని పట్టే నట్లలో నాలుగు హెడ్డుని కూడా పట్టేవే. అందుకే రాకర్ షాఫ్టు ఒక్కటే తీయాలన్నా నీళ్లు దింపి, బయట వరస హెడ్ నట్లు కూడా వదులు చెయ్యాలి. లేకపోతే హెడ్డు ఒక పక్కకి లాగి, నీరు సిలిండర్లలోకీ సంపులోకీ దిగుతుంది. టాపెట్ పని అని చెప్పి రాకర్ తీసి పెట్టాక గ్యాస్కెట్ పోయిన బండ్లకి చాలాసార్లు కారణం ఇదే.

స్టడ్డులు తీసి మరలు శుభ్రం చేసి, బ్లాకులో స్టడ్డు రంధ్రం చుట్టూ లోహం ఉబ్బి ఉంటే అంచు కొంచెం చెక్కించండి. ఆ ఉబ్బు మీద ఏ గ్యాస్కెట్టూ నిలవదు. మర మీద చుక్క నూనె, మధ్య నుంచి బయటికి సుడిగా, మూడు విడతలు: 34, 54, 68 న్యూటన్ మీటర్లు. మీ టార్క్ రెంచి అడుగు-పౌండ్లలో ఉంటే 25, 40, 50. పెడస్టల్ చిన్న నట్లు 25 అడుగు-పౌండ్లే.

హెడ్డు ఎక్కించే ముందు బ్లాకు నీటి గది కడగాలి. వెనక సిలిండర్ చుట్టూ అడుగున బురద గట్టిగా పేరుకుని ఉంటుంది, డ్రెయిన్ కుళాయి విప్పినా చుక్క రాదు. కుళాయి పూర్తిగా ఊడదీసి, వెల్ష్ ప్లగ్గులు (బ్లాకు పక్కన నీటి గదిని మూసే రేకు బిళ్లలు) తీసి, వంచిన తీగతో గీకి, నీరు తేటగా వచ్చేదాకా గొట్టం పెట్టండి. బోరుబావి నీళ్లు పోయకండి, కూలెంటు కలిపిన డిస్టిల్డ్ వాటర్ పోయండి. మన దగ్గర చాలా బండ్లలో థర్మోస్టాట్ తీసి పారేసి ఉంటారు, కొత్తది వెయ్యండి. పాత హెడ్డుని చంపిన కారణం బ్లాకులోనే ఉండిపోతే కొత్త హెడ్డూ అదే చోట పగులుతుంది.

టాపెట్ సందు 0.015 అంగుళం. ఏ వాల్వు సర్దాలో తొమ్మిది లెక్కతో చూసుకోండి: 8వది పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు 1, 6వది తెరిచినప్పుడు 3, ఎప్పుడూ రెండూ కలిపితే 9. ఇంజిన్ వేడెక్కి పూర్తిగా చల్లారాక ఒకసారి, 800 కిలోమీటర్లు తిరిగాక మరోసారి నట్లు చూడండి. అన్నీ ఒకేసారి వదులు చెయ్యొద్దు. ఒక నట్టుని కొద్దిగా వెనక్కి తిప్పి, టార్కుకి బిగించి, తరవాతిదానికి వెళ్లండి. నట్లు బిగిసిన ప్రతిసారీ టాపెట్ సందు తగ్గుతుంది, కాబట్టి వెంటనే మళ్లీ ఎనిమిదీ సర్దండి.